సీసాలు పట్టుకుపోయారు, మరి ఫలితం ఏదీ?

పోయిన ఏడాది మార్కాపురంలో మా మహిళా సంఘం ఆఫీసుకు ఒక డాక్టరమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. ఒక మెడికల్ కాలేజీలో అసిస్టెంటు ప్రొఫెసరు. ఫ్లోరైడు నీళ్ళు తాగే ఆడవాళ్ళ ఎముకల మీద పరిశోధన చేస్తున్నానని, మేం పనిచేసే ఊళ్ళలో ఒకదానికి తీసుకెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడించమని అడిగింది. తాగే నీళ్ళూ, మూత్రం శాంపిళ్ళూ తీసుకోవాలి, కొందరికి ఎక్స్‌రేలు తీయించాలి. సమ్మతి పత్రాలు తెలుగులో అచ్చు వేయించుకుని మరీ వచ్చింది. కాదనడానికి మాకు కారణం కనిపించలేదు.

ఊళ్ళో రామాలయం అరుగు మీద ఆడవాళ్ళందరం కూర్చున్నాం. డాక్టరమ్మ చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. అందులో ఒక పెద్దామె ఉంది. మెడ పక్కకి తిప్పలేదు, వెనక ఎవరన్నా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. నడుం వంగిపోయి, చేతికర్ర లేకుండా నాలుగడుగులు వేయలేదు. ఆమె అన్నది: "ఇంతకు మునుపు వచ్చినోళ్ళు గూడా ఇట్నే సీసాలు పట్టకపోయినారు గదమ్మా. ఆ సీసాల్లో ఏముండాదో ఎవురూ జెప్పలా. ముందు అది జెప్పు, తర్వాత ఇది అడుగు."

నేను తలవంచుకున్నాను. అంతకుముందు వచ్చినవాళ్ళను ఆ ఊరికి తీసుకెళ్ళింది నేనే. ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపిందీ నేనే. 'ఫలితాలు మీకు చెబుతారు' అని ఆ ఆడవాళ్ళకు మాట ఇచ్చిందీ నేనే. ఆ బృందం మళ్ళీ రాలేదు. రెండుసార్లు ఫోను చేసి నేనూ ఊరుకున్నాను.

డాక్టరమ్మ అప్పటికప్పుడు ఫోనులో వెతికి ఆ పరిశోధన పట్టుకుంది. "ఇదిగో అక్కా, వాళ్ళ పేపరు అచ్చయింది. సైటేషన్లు కూడా బాగానే వచ్చాయి" అంది. పేపరు పేరు కింద ఒక అంకె ఉంది. పెద్దామె ఆ ఫోను వైపు చూసి "అంటే ఏందమ్మా?" అని అడిగింది. డాక్టరమ్మ చెప్పబోయి ఆగిపోయింది. నా దగ్గరా జవాబు లేదు.

ఆ జవాబు కోసం తర్వాత కొంత చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. నేను శాస్త్రవేత్తను కాను. కానీ మన ఊళ్ళ తలుపులు పరిశోధకులకు తెరిచేది మనలాంటి కార్యకర్తలే. కాబట్టి ఆ అంకె దేన్ని లెక్కపెడుతుందో, దేన్ని లెక్కపెట్టదో మనకు తెలిసి ఉండాలని ఇది రాస్తున్నాను.

ఆ అంకె కథ

ఒక పరిశోధకుడు వ్యాసం రాసినప్పుడు, ఆ విషయం మీద తనకు ముందు ఎవరేం కనుక్కున్నారో చెప్పి, ఆ పాత వ్యాసాల పేర్లు చివర జాబితాగా ఇస్తాడు. అలా ఒక పాత వ్యాసం పేరు కొత్త వ్యాసంలో వస్తే దానికి ఒక సైటేషన్ వచ్చినట్టు. ఎవరి దగ్గర ఏం తీసుకున్నామో బహిరంగంగా ఒప్పుకోవడం అది. నిజాయితీ గల ఆచారం. దాంతో నాకు పేచీ లేదు.

అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన ఈ సైటేషన్లన్నిటినీ ఒకచోట చేర్చి సూచిక తయారు చేయొచ్చని 1955లో ప్రతిపాదించాడు. 1964 నుంచి 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' రావడం మొదలైంది. ఒక పాత వ్యాసం పట్టుకుని, దాన్ని వాడుకున్న కొత్త వ్యాసాలను వెతుక్కోవడానికి అది దారి. అంటే మొదట అది ఒక గ్రంథాలయ పరికరం. తర్వాత తర్వాత అదే మనుషులను తూచే తక్కెడ అయింది. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 'హెచ్-ఇండెక్స్' అనే కొలత ప్రతిపాదించాడు. ఒక మనిషి రాసిన వ్యాసాల్లో పదింటికి, ఒక్కోదానికి కనీసం పది చొప్పున సైటేషన్లు వచ్చి ఉంటే ఆ మనిషి హెచ్-ఇండెక్స్ పది. ఇరవై వ్యాసాలకు ఇరవయ్యేసి వస్తే ఇరవై. ఒక జీవితకాలపు పని మొత్తం ఒక్క అంకెలోకి వచ్చేస్తుంది.

ఈ అంకెలతో ఉద్యోగాలు ముడిపడ్డాయి. మన మెడికల్ కాలేజీల్లో పదోన్నతికి అచ్చయిన పేపర్లు చూపించాలి. డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది: "పేపర్లు లేకపోతే నాకు ప్రమోషన్ రాదు అక్కా. ఊరికి మళ్ళీ వచ్చి ఫలితాలు చెబితే దానికి ఏ కాలమూ లేదు." కాలం అంటే కాలేజీ ఫారంలో గడి. ఆమె మీద నాకు కోపం రాలేదు. గడి లేని పని చేస్తే లెక్కలోకి రాదన్నది ఆడవాళ్ళమైన మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మొదటి పేపరు మన ఎముకల మీదే

మన దేశంలో ఫ్లోరైడు జబ్బు గురించి ఎవరు ఎక్కడ రాసినా, మొదటి పేజీలోనే ఒక సంవత్సరం, ఒక పేరు కనిపిస్తాయి. 1937, షార్ట్. ఆ పేపర్లు పుట్టింది మన దగ్గరే. పశ్చిమ ప్రకాశం అని పిలుచుకున్న ప్రాంతంలో మార్కాపురం, గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాకే ఇవన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి.

ఆ పేపర్లకు ముందే, 1930ల మొదట్లో, జబ్బును కనిపెట్టింది రైతులు. ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం వాళ్ళు గమనించారు. పశువులకు అయింది మనుషులకూ అవుతోందని తేలేసరికి కొన్నేళ్ళు పట్టింది. 1937లో రెండు వ్యాసాలు వచ్చాయి. 'ఇండియన్ మెడికల్ గెజిట్'లో నెల్లూరు జిల్లా గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి రాశారు. 'ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్'లో మద్రాసు ప్రెసిడెన్సీ గురించి షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ రాశారు. అంతకు ఐదేళ్ళ ముందు, 1932లో, డెన్మార్క్‌లో క్రయోలైట్ అనే ఖనిజం ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికుల ఎముకల్లో ఈ మార్పులను ముల్లర్, గుడ్‌యాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు చూశారు. వాళ్ళకది దుమ్ము వల్ల వచ్చింది. మనవాళ్ళకు బావిలో చేదుకున్న నీళ్ళ వల్ల వచ్చింది.

ఆ పేపర్ల విలువను నేను తక్కువ చేయను. అవి రాకపోతే నడుం వంగిపోవడాన్ని ఇంకా ఎన్నాళ్ళు వాతం అనో, వయసు అనో, పూర్వజన్మ పాపం అనో అనుకునేవాళ్ళమో. నీళ్ళలోనే దోషం ఉందని రుజువు చేసినవాళ్ళు వాళ్ళు. ఇవాళ తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేనిచోట కూడా 1.5 దాటకూడదని మన ప్రమాణం చెబుతోందంటే, దాని వెనక ఇలాంటి పరిశోధనలన్నీ ఉన్నాయి.

ఇక ఆ షార్ట్ ఎవరు? హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ ఇండియన్ మెడికల్ సర్వీసు అధికారి. అప్పట్లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు. ప్రపంచం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది ఫ్లోరైడుకు కాదు. కాలా అజార్ జ్వరం ఇసుక ఈగ కాటుతో మనుషులకు అంటుకుంటుందని రుజువు చేసిన 1942 నాటి పనిలో ఆయన ఉన్నాడు. మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో దాక్కుంటుందని 1948లో గార్న్‌హమ్‌తో కలిసి కనుక్కున్నాడు. ఆయన ప్రచురణల జాబితాలో మన జబ్బు పక్కదారిలో చేసిన పని. మనకు మాత్రం అదే మన కష్టానికి పడ్డ మొదటి రాతపూర్వక సాక్ష్యం.

పేపర్ల తర్వాత పేపర్లు

1937 తర్వాత పరిశోధన ఆగలేదు. 1940లో పండిట్, రాఘవాచారి మరి ఇద్దరితో కలిసి దక్షిణ భారతం మీద మళ్ళీ రాశారు. 1955లో సిద్దిఖీ నల్గొండ జిల్లా గురించి 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో రాశారు. 1963లో పంజాబు నుంచి సింగ్, జాలీ బృందం పేపర్లు వచ్చాయి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 'లాన్సెట్'లో రాశారు. ఫ్లోరైడు ప్రాంతాల్లో పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి ఆ వ్యాసం. ఆ తర్వాత అదే సంస్థ జొన్నల్లో ఉండే మాలిబ్డినం, ఒంట్లో రాగి తక్కువ కావడం దీనికి కారణం కావొచ్చా అని వెతికింది. నాడీమండలం మీద ఫ్లోరైడు ప్రభావం గురించి హైదరాబాదు న్యూరోసర్జన్ డాక్టర్ డి.రాజారెడ్డి దశాబ్దాల పాటు రాశారు. ఆయన సమీక్షా వ్యాసం 2009లో 'న్యూరాలజీ ఇండియా'లో వచ్చింది.

వీటన్నిటికీ మూలం దగ్గర 1937 ఉంది. అంటే మన ప్రాంతం ఎనభై ఏళ్ళకు పైగా వైద్య పత్రికల్లో ఉదహరణ అవుతూనే ఉంది. ఇక నీళ్ళ సంగతి చూడండి. పశ్చిమ ప్రకాశానికి కృష్ణా నీళ్ళు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996లో. మొదటి సొరంగం తవ్వకం ముగిసింది 2021లో, రెండోది 2024లో. మొదటి పేపరుకూ శంకుస్థాపనకూ మధ్య యాభై తొమ్మిదేళ్ళు, రెండో సొరంగం ముగియడానికీ మధ్య ఎనభై ఏడేళ్ళు. ఒక పేపరు నుంచి ఇంకో పేపరుకు సమాచారం నడిచినంత వేగంగా, పేపరు నుంచి కుళాయికి నీళ్ళు నడవలేదు.

దీనికి పరిశోధకులను తప్పుపట్టలేం. నీళ్ళు తేవాల్సింది ప్రభుత్వం. కానీ ఒక పరిశోధన 'ప్రభావం' అని ఆ అంకెను చూపించినప్పుడు, ఎవరి మీద ప్రభావం అని అడిగే హక్కు మనకుంది. సైటేషన్ చెప్పేది ఒక్కటే: ఇంకో పరిశోధకుడికి ఈ పేపరు పనికొచ్చింది. ఎవరి మూత్రం సీసాలోకి వెళ్ళిందో ఆమెకు పనికొచ్చిందా లేదా అన్నది అది చెప్పదు. చెప్పడానికి పుట్టింది కూడా కాదు.

తక్కెడ ఎటు మొగ్గుతుంది

ఆ అంకె పరిశోధకుల మధ్య కూడా సమానంగా తూచదు. ప్రపంచంలోకెల్లా ఎక్కువ సైటేషన్లు వచ్చిన పేపరు ఏ మహా వ్యాధి గురించో అనుకుంటాం. కాదు. 1951లో లౌరీ బృందం రాసిన, ద్రావణంలో ప్రొటీను ఎంతుందో కొలిచే పద్ధతి గురించిన పేపరది. 2014లో 'నేచర్' పత్రిక లెక్క తీస్తే దానికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్కేతో కలిసి 1925లో రాసిన, రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కూడా అలాంటిదే. వేల సార్లు ఉదహరించారు. అయినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు.

కొలిచే పద్ధతిని ప్రపంచంలో ప్రతి లేబొరేటరీ వాడుతుంది, వాడిన ప్రతివాళ్ళూ ఉదహరిస్తారు. కనిగిరి పక్కన ఒక ఊళ్ళో ఏ బోరులో ఎంత ఫ్లోరైడు ఉందో చెప్పే పేపరును ఎవరు ఉదహరిస్తారు? ఆ ఊరికి మాత్రం అంతకంటే ముఖ్యమైన పేపరు లేదు. ఏది ఎక్కువమంది పరిశోధకులకు పనికొస్తుందో దాని అంకె పెద్దది, ఏది ఒక ఊరి ఆడవాళ్ళకు పనికొస్తుందో దాని అంకె చిన్నది. ప్రమోషన్ పెద్ద అంకెను చూసి ఇస్తే తెలివైన యువ డాక్టరు ఎటు పోతుంది?

ఆడవాళ్ళ విషయంలో ఇంకో మొగ్గు ఉంది. 2013లో 'నేచర్'లో లారివియేర్ బృందం ప్రపంచవ్యాప్తంగా లక్షల పేపర్లు పరిశీలించి, ముఖ్య రచయిత స్థానంలో స్త్రీ ఉన్న పేపర్లకు పురుషులున్న వాటికంటే సైటేషన్లు తక్కువ వస్తున్నాయని తేల్చింది. జాబితాల్లో పేర్లు ఇంటిపేరు, పొడి అక్షరంతో వస్తాయి. 1973 నాటి ఆ లాన్సెట్ వ్యాసాన్ని ఉదహరించే చోట కమలా కృష్ణస్వామి 'కృష్ణస్వామి కె.' అవుతారు. తర్వాత జాతీయ పోషకాహార సంస్థకే డైరెక్టరు అయిన ఒక మహిళా శాస్త్రవేత్త అక్కడ ఉందని చదివేవారికి తెలియనే తెలియదు.

ఇక అసలు ఏ జాబితాలోనూ లేనివాళ్ళున్నారు. ఇంటింటికీ తిరిగి పేర్లు రాసే ఆశా కార్యకర్త, సీసాల మీద నంబర్లు అంటించే ఏఎన్ఎం, ఆడవాళ్ళను పిలుచుకొచ్చే అంగన్‌వాడీ టీచరు, మనలాంటి సంఘం కార్యకర్తలు. వీళ్ళు లేకపోతే ఏ సర్వేలోనూ ఒక్క అంకె పుట్టదు. డాక్టరమ్మ ఫోనులో చూపించిన ఆ పేపరు చివర కృతజ్ఞతలు వెతికాను. లేబొరేటరీకి, నిధులిచ్చినవారికి చెప్పారు. ఆ ఊరి ఆశా కార్యకర్త ఎండలో పది రోజులు తిరిగింది. ఆమెకు ఒక్క మాట లేదు.

'గృహిణి' అని రాసింది నేనే

ఆ మొదటి సర్వేలో నేను నింపిన ఫారం నాకింకా గుర్తుంది. 'వృత్తి' అనే గడి ఉండేది. మిరప తోటల్లో కాయలు కోసే ఆమె, పలకల ఫ్యాక్టరీలో రాయి చెక్కే ఆమె, గొర్రెలు మేపే ఆమె, అందరూ "ఇంటికాడే ఉంటా" అని చెప్పారు. నేను 'గృహిణి' అని రాశాను. రోజుకు ఎన్ని బిందెలు మోస్తావు, ఎంత దూరం నుంచి మోస్తావు అన్న ప్రశ్న ఆ ఫారంలో లేదు. ఎండలో పనిచేసే మనిషి నీళ్ళు ఎక్కువ తాగుతుంది, నీళ్ళు ఎక్కువ తాగితే ఫ్లోరైడు ఎక్కువ పోతుంది. ఆ లెక్కలో 'గృహిణి' అంటే నీడపట్టున ఉండే మనిషి అని అర్థం వస్తుంది. నా చేతిరాత వల్ల ఒక తప్పు పట్టికలోకి ఎక్కి అచ్చయింది. ఇప్పుడు దాన్ని ఎవరెవరు ఉదహరిస్తున్నారో!

తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడు హాని పెరుగుతుందని పరిశోధకులే చెప్పారు. కాన్పులూ, చంటిబిడ్డకు పాలివ్వడమూ ఒంట్లోని కాల్షియాన్ని తోడేస్తాయి. మన ఇళ్ళలో పాలూ పెరుగూ మొదట మగవాళ్ళకు, తర్వాత పిల్లలకు, మిగిలితే ఆడవాళ్ళకు. కాబట్టి ఈ జబ్బు నీళ్ళ సమస్య ఎంతో, ఇంట్లో కంచం దగ్గర జరిగే అన్యాయం కూడా అంత. ఫారం తయారుచేసే ముందు ఊళ్ళో ఆడవాళ్ళతో ఒక్క పూట కూర్చుంటే ఈ ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. పేపరు కూడా బాగుపడుతుంది.

సమ్మతి తర్వాత ఏమిటి

వైద్య పరిశోధన విషయంలో మన ఉద్యమానికి ఒక చరిత్ర ఉంది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి ఆడవాళ్ళను తీసుకొచ్చినప్పుడు, అది ప్రయోగమన్న సంగతి వాళ్ళకు తెలియదని స్త్రీశక్తి సంఘటన బయటపెట్టింది. ఆ తర్వాత మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు, తల్లిదండ్రుల బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటికొచ్చింది. 2010లో అది ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ పోరాటాల ఫలితంగానే డాక్టరమ్మ తెలుగులో సమ్మతి పత్రం పట్టుకుని వచ్చింది. కానీ మనం ఇంతవరకు అడిగింది పరిశోధనకు ముందు ఏం జరగాలన్నది. అయిపోయాక ఏం జరగాలన్నది గట్టిగా అడగలేదు. నిజానికి అడగడానికి ఆధారాలున్నాయి. ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన, పరిశోధనలో పాల్గొన్నవాళ్ళు దాని ఫలితాలు తెలుసుకోవడానికి అవకాశం ఇవ్వాలంటోంది. భారత వైద్య పరిశోధనా మండలి 2017 నైతిక మార్గదర్శకాలు, పరిశోధన ప్రయోజనం ఆ ప్రజలకూ అందాలంటున్నాయి. పత్రిక పేరుప్రతిష్ఠల అంకెను చూసి శాస్త్రవేత్తను తూచొద్దని 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటనలో శాస్త్రవేత్తలే అన్నారు. అంటే మనం అడిగేది కొత్త కోరిక కాదు, వాళ్ళు రాసుకున్న మాటే.

మేం పెట్టిన షరతులు

ఆ రోజు అరుగు మీద చర్చ చాలాసేపు సాగింది. కొందరు ఆ సర్వేనే వద్దన్నారు. నేను దానికి ఒప్పుకోలేదు. పరిశోధన ఆగిపోతే నష్టపోయేది మనమే. పేపరు లేని కష్టానికి ప్రభుత్వం దగ్గర విలువ లేదు. చివరికి అందరం కలిసి నాలుగు షరతులు చెప్పాం.

ఒకటి, ఎవరి బోరు నీళ్ళలో ఎంత ఫ్లోరైడు ఉందో, పేపరు అచ్చయ్యేదాకా ఆగకుండా, ఊళ్ళో అందరి ముందూ తెలుగులో చదివి వినిపించాలి. మనిషి ఒంటికి సంబంధించిన ఫలితం మాత్రం ఆ మనిషికి ఒంటరిగా చెప్పాలి. రెండు, వృత్తి గడిలో చేసే పనులన్నీ రాయాలి, నీళ్ళు మోయడం సహా. మూడు, తిరిగిన ఆశా కార్యకర్తకూ సంఘం సభ్యులకూ రోజుకూలీ ఇవ్వాలి, పేపరులో పేరు పెట్టి కృతజ్ఞత చెప్పాలి. నాలుగు, పేపరు అచ్చయ్యాక దాని సారాంశం రెండు పేజీల తెలుగులో పంచాయతీకీ, సంఘానికీ ఇవ్వాలి.

డాక్టరమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "బోరు ఫలితాలు ముందే చెబితే జనం బెదిరిపోతారేమో అక్కా. పైవాళ్ళు నన్ను అడుగుతారు. కూలీకి ప్రాజెక్టులో డబ్బు చూపించలేదు" అంది. ఆ భయాలు నిజమైనవే. మా వాళ్ళలో ఒకామె జవాబిచ్చింది: "బెదిరేదేముందమ్మా, తాగేది మేమే గదా. తెలవకుండా తాగేదానికంటే తెలిసి తాగుతాం." మొదటి రెండిటికీ, నాలుగోదానికీ డాక్టరమ్మ ఒప్పుకుంది. మూడోదాంట్లో పేర్ల సంగతి తాను చూస్తానంది, కూలీ గురించి కాలేజీలో అడుగుతానంది.

ఆమె మాట నిలబెట్టుకుంది. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం సొంత ఖర్చుతో బస్సెక్కి వచ్చింది. అదే అరుగు మీద నిలబడి ఒక్కో బోరు పేరు చెప్పి చదివింది. ఎస్సీ కాలనీలో చేతిపంపు నీళ్ళు పరిమితికి బాగా పైన ఉన్నాయి. చెరువుకట్ట దగ్గర పాత బోరు నీళ్ళు పరిమితిలోపే ఉన్నాయి. ఉప్పగా ఉంటాయని ఆ బోరును ఎవరూ తాగడానికి వాడేవాళ్ళు కాదు. రుచికీ ఫ్లోరైడుకూ సంబంధం లేదని ఆ రోజే చాలామందికి తెలిసింది. కాలనీ చేతిపంపుకు ఎర్ర రంగు వేశాం. కడగడానికే వాడమని రాశాం. కట్ట దగ్గర బోరుకు కాలనీ ఆడవాళ్ళు వెళితే మొదట రెండు మూడు రోజులు మాటలొచ్చాయి. సంఘం అంతా కలిసి బిందెలు తీసుకుని వెళ్ళాక ఆ మాటలు ఆగాయి. కూలీ సంగతి ఇంకా తేలలేదు. పేపరు ఇంకా అచ్చు కాలేదు. దానికి ఇప్పటికి ఒక్క సైటేషన్ కూడా లేదు.

పెద్దామె నడుం ఇక నిటారు కాదు. ముదిరిన ఫ్లోరైడు జబ్బు వెనక్కి మళ్ళదు. ఆమె ఆ రోజు నాతో అన్నది, "నాకు గాకపాయె, నా మనవరాలు ఆ నీళ్ళు తాగదులే." ఆ మాట ఏ సూచికలోకీ ఎక్కదు.

గిద్దలూరు, కనిగిరి, ఎర్రగొండపాలెం, అటు నల్గొండలో పనిచేసే మిత్రులకు నేను చేసే సూచన చిన్నది. సంఘంలో ఒక రిజిస్టరు పెట్టండి. ఏ తేదీన ఎవరు వచ్చారు, ఏం తీసుకెళ్ళారు, ఏం చెబుతామన్నారు, ఎప్పుడు తిరిగి వచ్చి ఏం చెప్పారు అన్నవి నాలుగు కాలాలు. తర్వాత ఎవరు తలుపు తట్టినా ముందు ఆ రిజిస్టరు చూపించండి. మెడికల్ కాలేజీల నైతిక సంఘాల్లో సామాన్య సభ్యులుగా కూర్చునే మన మిత్రులు, ఫలితాలు ఊరికి ఎప్పుడు చెబుతారని ప్రతి దరఖాస్తు దగ్గరా అడగండి. పదోన్నతి ఫారంలో ఆ పనికి ఒక గడి పెట్టాలని అందరం కలిసి అడుగుదాం. అది డాక్టరమ్మ లాంటివాళ్ళకూ మేలు చేస్తుంది.

మా రిజిస్టరులో మొదటి వరస నేనే నింపాను. అంతకుముందు వచ్చిన ఆ బృందం గురించి రాశాను. మొదటి మూడు కాలాలూ నిండాయి. నాలుగోది ఖాళీగా ఉంది. ఆ పేపరు కాపీ ఒకటి తెప్పించుకున్నాను. దానికి రెండు పేజీల తెలుగు సారాంశం రాయించి, ఆ ఊరికి పట్టుకెళ్ళి చదవాల్సింది ఇప్పుడు నేనే. మాట ఇచ్చింది నేను కదా.